నోరులేని వారి నోరు

సలహా చెప్పినంత మాత్రాన బాధ్యత తీరుతుందా? నీతిశాస్త్రం చదువుకున్నవారికి ఇది కొత్త ప్రశ్న కాదు. నాకు మాత్రం ఇది మా ఇంటి అరుగు మీద, చేపల గంప పక్కన ఎదురయింది. అందుచేత సిద్ధాంత చర్చలోకి దిగే ముందు ఆ గంప సంగతి చెప్పుకోవలసి వుంది.

విశాఖపట్నంలో మా వీధికి వారానికి మూడు నాలుగు రోజులు జాలారిపేట నుంచి ఒక ముసలమ్మ చేపలు తెస్తుంది. అరవై దాటి వుంటుంది. చీకటితోనే లేచి, రేవులో పాటలో సరుకు కొని, ఎనిమిదయ్యేసరికి మా వీధి మలుపులో కేక వేస్తుంది. బేరాలయ్యాక అరుగు మీద చతికిలబడి చుట్ట వెలిగించి, మండుతున్న కొసను నోట్లోకి తిప్పి పెట్టుకుంటుంది. ఉత్తరాంధ్రలో దీన్ని అడ్డపొగ అంటారు. చిన్నప్పటినుంచి చూస్తున్న దృశ్యమే కనుక మాకెవరికీ అది వింతగా తోచదు.

నిరుడు వాళ్ల పేటలో ఒక దంతవైద్య శిబిరం పెట్టారు. ఎవరు పెట్టారన్నది ఇక్కడ అప్రస్తుతం. టార్చిలైటు వేసి ఆమె నోరు చూశారు. అంగిట్లో తెల్లమచ్చ వుందనీ, దాని అంచున మానని పుండు వుందనీ, ఒక ఆసుపత్రికి పోయి చిన్న ముక్క తీయించి పరీక్ష చేయించుకోవాలనీ చీటీ రాసిచ్చారు. ఒక బ్రష్షు, ఒక పేస్టు గొట్టం చేతిలో పెట్టి ఫొటో తీసుకున్నారు. ఆమె నోట్లో మిగిలిన పళ్లు ఆరు.

ఆ చీటీ తెచ్చి నాకు చూపించింది. ఇంగ్లీషులో వున్నదాన్ని చదివి, అర్థం చెప్పి, “అశ్రద్ధ చెయ్యకమ్మా, తప్పకుండా వెళ్లు” అన్నాను. దాచుకోవడం దేనికి, ఏదో మంచిపని చేసినట్టు ఆ పూట కాస్త తృప్తిగా కూడా అనిపించింది. ఏడు నెలలు గడిచాక ఒకనాడు ఆమె పొగాకు తీయడానికి బొడ్డున వున్న సంచి విప్పితే, అందులో ఆ చీటీయే నలిగి, మడతల దగ్గర చిరిగి కనిపించింది.

“వెళ్లలేదా అమ్మా?”

“ఎల్లినాను బాబూ. ఓపాలి ఎల్తే ఇంకో సీటీ రాసిచ్చినారు. మల్లీ రేపు రమ్మన్నారు. రేపు ఎల్తే ఆ రోజు కూడెవులెడతారు?”

“మరి పుండు?”

“అదేటీ నొప్పెట్టదు బాబూ.”

నొప్పి పెట్టకపోవడమే ఈ రోగంలోని మోసం. తొలిదశలో నోటి కాన్సరు చాలామందికి నొప్పి ఇవ్వదు. నొప్పి వచ్చేనాటికి వ్యవహారం చెయ్యిదాటే ప్రమాదం వుంది. శిబిరం వారు తమ పని చేశారు, చీటీ రాశారు. ఆసుపత్రివారు తమ పని చేశారు. మరో చీటీ రాశారు. నేను నా పని చేశాను, చీటీ చదివిపెట్టాను. ముగ్గురమూ ధర్మం తప్పినవాళ్లం కాము. ముసలమ్మ అంగిట్లో పుండు మాత్రం అలాగే వుంది. ముగ్గురి ధర్మమూ నెరవేరి, ఆ ధర్మం ఎవరికోసమో వారికి మాత్రం ఏమీ జరగకపోతే, ఆ ధర్మాన్ని ఏమని పిలవాలి?

ఈ అడ్డపొగ గురించి లోకానికి తెలియదనుకుంటే పొరపాటు. 1945లోనే ఖానోల్కరూ, సూర్యాబాయీ మన దేశపు అలవాట్లనుంచి పుట్టే మూడు రకాల కాన్సర్లను వర్ణిస్తూ ఒక వ్యాసం ప్రకటించారు. పంచె బిగింపు దగ్గర నడుముకు వచ్చేది ఒకటి, ఖైనీ వల్ల పెదవికి వచ్చేది ఒకటి, చుట్ట వల్ల అంగిటికి వచ్చేది ఒకటి. 1957లో గోవిందరెడ్డి, రావు అనే ఇద్దరు వైద్యులు కోస్తా ఆంధ్రలో మండే కొసను నోట్లో పెట్టుకుని తాగే చుట్టకూ, అంగిటి కాన్సరుకూ వున్న సంబంధం గురించే ప్రత్యేకంగా రాశారు. 1971లో పిండ్‌బోర్గ్, మెహతా ప్రభృతులు శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి ఆ ఫలితాలను బ్రిటిష్ వైద్య పత్రికలో ప్రచురించారు. ఆ గ్రామస్థుల్లో నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ తాగేవారే, ఎక్కువమంది ఆడవాళ్లు. ఆ కాలపు శ్రీకాకుళం పల్లెల పేర్లు మన పాఠకులకు వేరే కారణం వల్ల కంఠస్థమై వుంటాయి. ఆ పల్లెల నోళ్లలో మచ్చలు లెక్కపెడుతున్నవాళ్లు కూడా ఆ రోజుల్లోనే వున్నారన్న సంగతి మనలో ఎంతమందికి తెలుసు? నాకూ మొన్నమొన్నటిదాకా తెలియదు.

పోనీ, సాహిత్యానికి తెలుసా? కన్యాశుల్కంలో గిరీశం చుట్ట మీద చెప్పే పద్యం మనవాళ్లలో రాని వారుండరు. మగవాడి చుట్టకు మన సాహిత్యంలో హాస్యం వుంది, దర్జా వుంది, ఒక విధమైన తాత్త్వికత కూడా వుంది. అదే విజయనగరం, భీమునిపట్నం తీరాల్లో అదే పొగాకును నోట్లో నిప్పుగా దాచుకున్న ఆడదానికి నేను చదివినంతలో ఒక మంచి పాత్ర దొరకలేదు. తెలుగు పాఠం చెప్పుకుని బతికేవాణ్ణి కనుక ఈ లోటు నన్ను కొంచెం ఎక్కువగానే బాధిస్తుంది.

ఇక అసలు చర్చకు వద్దాం. ఈ విషయం కదిపినప్పుడల్లా చదువుకున్నవారి నోట మొట్టమొదట వచ్చే మాట ఒకటి వుంది: “తప్పు ఆమెదే కదా! మానెయ్యమంటే మానదు. వెళ్లమంటే వెళ్లదు. తన ఒంటి మీద తనకే శ్రద్ధ లేనప్పుడు మనమేం చేస్తాం?” ఇది చూడడానికి ఇంగితజ్ఞానంలా కనిపిస్తుంది. లోతుకు పోతే దీని వెనక మనిషి గురించి ఒక పూర్తి సిద్ధాంతమే వుంది. మనిషి ఒంటరివాడు, ఎదుట రెండు దారులుంటాయి, తెలిసినవాడు మంచిదారి పడతాడు, తెలియనివాడికి చెబితే సరిపోతుంది, చెప్పినా వినకపోతే ఫలితం వాడి ఖాతా. భావవాదులు ఆత్మస్వేచ్ఛ అన్న పేరుతో ఎప్పటినుంచో చెబుతున్నది ఇదే. కర్మ సిద్ధాంతం అన్న పేరుతో మన ఊళ్లలో చలామణీ అవుతున్నదీ దాదాపు ఇదే. పాత కర్మ పోయిన జన్మలో వుండేది, కొత్త కర్మ అలవాట్లలో వుంటుంది. అంతే భేదం.

ఆ అలవాటు ఎలా పుట్టిందో చూడండి. మండే కొస లోపల వుంటే గాలికి ఆరదు, సముద్రపు తుంపరకు తడవదు. చంకలో బిడ్డ మీదా, గంపలో సరుకు మీదా నిప్పురవ్వ పడదు. ఒక్క చుట్ట చాలాసేపు వస్తుంది. రెండు చేతులూ పనికి ఖాళీగా వుంటాయి. పెద్దవాళ్ల ముందు ఆడది పొగతాగడం మరీ కొట్టొచ్చినట్టు కనిపించదు. తల్లిని చూసి కూతురు నేర్చుకుంటుంది. పేటలో అడిగితే ఇంకో మాట కూడా చెబుతారు, అదే నాకు అన్నిటికంటె ముఖ్యంగా తోచింది: పన్ను నొప్పికి ఇదే మందు. పొగ పట్టిస్తే దవడ మొద్దుబారి ఆ రాత్రికి నిద్రపడుతుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. పన్ను పుచ్చింది, పన్ను చూసే వైద్యుడు అందుబాటులో లేడు, వున్నా ఆయన దగ్గరకు పోవడానికి డబ్బు లేదు, పొగ పట్టించింది, నొప్పి తగ్గింది, పొగ నిలిచిపోయింది. మనం ఆమె దురలవాటు అంటున్నది ఒకప్పుడు ఆమెకు అందిన ఏకైక వైద్యం! రేవులో మూటలు మోసే కళాసీ పన్ను నొప్పికి లవంగం, ఆపైన సారా పుక్కిట పడతాడు. ఒడిశా నుంచి వచ్చిన కూలీ గుడాకుతో పళ్లు తోముకుంటాడు. అది పొగాకూ బెల్లమూ కలిపిన ముద్ద. పళ్లపొడుల్లో, పేస్టుల్లో పొగాకు కలపకూడదని 1992లోనే కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు చేసింది. ఉత్తర్వు కాగితం మీద వుంది, గుడాకు డబ్బా కూలివాడి జేబులో వుంది. ఒకే దేశంలో పొగాకు పంటనూ ఎగుమతినీ పెంచడానికి గుంటూరులో ఒక బోర్డు పనిచేస్తుంది. అదే పొగాకు తాగవద్దని ఆరోగ్యశాఖ పెట్టెల మీద పుండు బొమ్మ వేయిస్తుంది. ఈ రెండు చేతులూ ఒకే ప్రభుత్వానివి. ఆ రెంటి మధ్య చిక్కుకున్న ముసలమ్మను పిలిచి, “నీకు సంకల్పబలం లేదు” అంటున్నాం.

ఇదేదో ఆంధ్ర తీరపు అనాగరికత అనుకునేవారికి ఒక మాట. మండే కొసను నోట్లో పెట్టుకునే అలవాటు ఫిలిప్పీన్స్‌లో వుంది, పనామా, కొలంబియాలలో వుంది, ఇటలీకి చెందిన సార్డీనియా దీవిలోనూ కనిపించింది. భాష, మతం, జాతి ఏమీ కలవని చోట్ల ఒకే అలవాటు పుట్టిందంటే దాని మూలాలు మనుషుల మూర్ఖత్వంలో వెతకడం కంటె వారి బతుకులో వెతకడం మేలు.

నోరు సొంత విషయం, పని ఊరుమ్మడి విషయం అన్న విభజనను చరిత్ర ఒకసారి గట్టిగానే బద్దలు కొట్టింది. 1888లో లండన్‌లోని బ్రయంట్ అండ్ మే అగ్గిపుల్లల కర్మాగారంలో ఆడపిల్లలు సమ్మె చేశారు. అక్కడ వాడే తెల్ల భాస్వరపు ఆవిరి పుచ్చుపన్ను దారిన దవడలోకి దిగి ఎముకను చంపేది. పన్ను నొప్పి అని చెబితే పని పోతుందన్న భయంతో పిల్లలు నొప్పిని దాచుకునేవారు. ఆ కంపెనీ ఇలాంటి కేసులను ప్రభుత్వానికి తెలపకుండా దాచినందుకు 1898లో కోర్టు జరిమానా వేసింది. చివరికి 1906లో బెర్న్ నగరంలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం అగ్గిపుల్లల్లో తెల్ల భాస్వరాన్ని నిషేధించింది. ఆ దవడలు ఏ దంతవైద్యుడి చీటీ వల్లా బాగుపడలేదు. అయితే ఒకటి గమనించాలి. ఒప్పందం కుదిరిన నాటికి దవడ కుళ్లి పోయినవారు పోనే పోయారు.

ఈ చివరి వాక్యం నేను మనవాళ్ల కోసమే రాశాను. ఎందుకంటే పై వాదనంతా విని మన మిత్రులు కొందరు తలలు వూపి, “కనుక వ్యవస్థ మారాలి. ఈ శిబిరాలు, చీటీలు వట్టి సంస్కరణవాదం, జనాన్ని మభ్యపెట్టే మాత్రలు” అని తేల్చేస్తారు. నేనూ ఒకప్పుడు సరిగ్గా ఇలాగే మాట్లాడాను. ఒక సభలో చప్పట్లు కూడా కొట్టారు. ఈ వాదంలో సగం నిజం వుంది కనుకనే ఇది ప్రమాదం. వ్యవస్థ మారాలన్నది నిజం. అంగిట్లో పుండు వ్యవస్థ మారేదాకా ఆగదన్నదీ అంతే నిజం. రేపటి మానవుడి పేరు చెప్పి ఇవాళ్టి ముసలమ్మ నుంచి తప్పుకోవడానికీ, ఆమె కర్మ అని తప్పుకోవడానికీ ఆచరణలో తేడా ఏమిటి? ఒకరు పోయిన జన్మకు పంపారు, మనం రాబోయే సమాజానికి పంపాం. ఆమె మాత్రం ఆ అరుగు మీదే వుంది. 1848లో ఎగువ సైలీషియాలో టైఫస్ మహమ్మారిని చూడడానికి వెళ్లిన జర్మన్ వైద్యుడు విర్కో, ఆ రోగానికి మందు విద్య, స్వాతంత్ర్యం, ప్రజాస్వామ్యం అని నివేదిక రాశాడు. మనకు నచ్చిన మాటే. ఆయన ఆ మాట రాసింది రోగుల గుడిసెల్లోకి వెళ్లివచ్చిన తర్వాత అన్నది మనం మరిచిపోతుంటాం.

మరి శిబిరాల సంగతి? వాటిని నేను వెనకేసుకు రావడం లేదు. దంతవైద్య కళాశాలలకు విద్యార్థులు నేర్చుకోవడానికి నోళ్లు కావాలి. పేటలనుంచి, పల్లెలనుంచి బస్సులు కట్టి జనాన్ని తెచ్చే ఆనవాయితీ మనకు తెలిసిందే. విద్యార్థి నేర్చుకోవడం తప్పు కాదు; నేర్చుకోకపోతే రేపు వైద్యుడే వుండడు. మనిషిని కేవలం సాధనంగా వాడుకోకూడదన్నాడు కాంట్. అందులోని ‘కేవలం’ అన్న మాట విలువైనది. ముసలమ్మ నోరు విద్యార్థి చదువుకు ఉపయోగపడవచ్చు, కాని ఆ ఉపయోగం తీరిన తరువాత ఆమె ఏమయిందో కనుక్కునేవాడు ఒక్కడైనా వుండాలి. శిబిరం రిజిస్టరులో “పరీక్షించినవారు ఇంతమంది, పంపినవారు ఇంతమంది” అని రెండు గడులుంటాయి. “చేరినవారు” అన్న మూడో గడి నేను చూసిన రిజిస్టరులో లేదు. ఈ మూడో గడి లేకపోవడమే నా దృష్టిలో అసలు నైతిక సమస్య.

ఇది నా భావావేశం కాదనడానికి కేరళ నుంచి ఒక దాఖలా చూపిస్తాను. తిరువనంతపురం జిల్లాలో 1996 నుంచి ఒక పెద్ద ప్రయోగం జరిగింది. పదమూడు పంచాయతీ ప్రాంతాలను రెండు భాగాలు చేసి, ఒక భాగంలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి కంటితో నోళ్లు పరీక్షించారు. వాళ్లు డాక్టర్లు కారు. 2005లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం, పొగాకు గాని మద్యం గాని అలవాటున్నవారిలో నోటి కాన్సరు మరణాలు నూటికి 34 వంతున తగ్గాయి. ఒక దీపం, ఒక జత కళ్లు, శిక్షణ పొందిన చేతులు ఇంత పని చేశాయి. ఇది సంస్కరణవాదమే అయితే, అలాంటి సంస్కరణవాదం వల్ల బతికినవారిని పిలిచి అడగాలి.

ఆ ప్రయోగంలోనే ఇంకో అంకె వుంది. అనుమానం వచ్చి పైవైద్యానికి పంపినవారు 5,145 మంది. వారిలో వెళ్లినవారు 3,218 మంది, అంటే నూటికి 63. ఎంతో శ్రద్ధగా నడిపిన పనిలో, చదువూ ఆరోగ్య కేంద్రాలూ మనకంటె మెరుగ్గా వున్న కేరళలో, నూటికి ముప్పయ్యేడుమంది చీటీ దగ్గరే ఆగిపోయారు. ఆ ముప్పయ్యేడుమందీ మూర్ఖులా? అంతమంది ఒకేసారి ఒంటిమీద శ్రద్ధ లేనివాళ్లు అయిపోతారా? మా ముసలమ్మను ఆ అంకెలో నిలబెట్టి చూడండి. మనిషి ఒక్కతే వుంటే సంకల్పబలం లోపం అనిపిస్తుంది. దాదాపు రెండు వేలమంది వుంటే దారిలోనే గొయ్యి వుందని అర్థమవుతుంది.

ఆ గొయ్యి ఎలాంటిదో విశాఖలో కొలిచి చూద్దాం. 2016 నాటి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ముప్పయ్యేళ్లు దాటిన ప్రతివారి నోరూ చూడాలి. వార్డులో ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి ప్రశ్నపత్రం నింపుతుంది, ఏ.ఎన్.ఎం. నోరు చూస్తుంది, అనుమానమైతే పట్టణ ఆరోగ్య కేంద్రానికి, అక్కడినుంచి పెద్ద ఆసుపత్రికి పంపాలి. కాన్సరని తేలితే నగరం ఆ కొసన అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీభాభా కాన్సర్ ఆసుపత్రి వుంది. 2014లో పని మొదలుపెట్టింది. వైద్యం ఖర్చుకు 2007లో పుట్టిన ఆరోగ్యశ్రీ వుంది; 2024 నుంచి దాని పేరు ఎన్.టి.ఆర్. వైద్యసేవ. కాగితం మీద చూస్తే గొలుసులో ఒక్క లంకె కూడా తప్పిపోలేదు. ఇది చిన్న సంగతి కాదు. మా అమ్మమ్మ తరానికి ఇందులో ఏదీ లేదు. కాని పథకం డబ్బిచ్చేది రోగం రుజువైన తరువాత. రుజువు కావడానికి తిరిగే రోజులు ఎవరి ఖాతాలో పడతాయి? జాలారిపేట నుంచి అగనంపూడి పాతిక కిలోమీటర్లకు పైమాటే. చేపల గంప దించిన రోజున కూలి లేదు, సెలవు జీతం అన్న మాట ఆ వృత్తిలో లేదు. పాటలో తెచ్చిన సరుకు అప్పు సాయంత్రానికి తీర్చాలి. వరసలో ఎక్కడ నిలబడాలో చదవడం రాదు. తోడు వచ్చే కొడుకు వేటకు పోయి వుంటాడు.

ఇవన్నీ ప్రభుత్వానికి తెలియవనుకుంటే అమాయకత్వం. కాన్పుకు ఆసుపత్రికి వచ్చే తల్లికి తోడు వెళ్లిన ఆశా కార్యకర్తకు ప్రోత్సాహకం ఇవ్వాలని 2005లోనే జననీ సురక్షా యోజనలో ఏర్పాటు చేశారు. క్షయరోగికి మందుతోపాటు తిండి కావాలని గుర్తించి 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చారు, 2024లో దాన్ని వెయ్యి చేశారు. అంటే తోడు కూడా వైద్యమే, కూడు కూడా వైద్యమే అని రాజ్యం రెండు చోట్ల ఒప్పుకుంది. ఒప్పుకున్న సూత్రాన్ని నోటి పుండు దగ్గరకు తీసుకురావడానికి కొత్త తత్త్వశాస్త్రం ఏమీ అక్కరలేదు. తీసుకురాకపోవడానికి కారణం నాకు తోచినంతలో ఇదే: తల్లి చావు, క్షయ చావు లెక్కకు వస్తాయి, ఊరు భయపడుతుంది. ముసలమ్మ నోరు ఎవరినీ భయపెట్టదు. ఆమె కొంతకాలం గంజి తాగుతుంది, తరవాత మాట ముద్దవుతుంది, తరవాత వీధిలో కేక వినిపించదు. చేపలకు ఇంకొకరు వస్తారు.

తోడు అనగానే ఆశా కార్యకర్త మీదికి నెట్టెయ్యడం కూడా న్యాయం కాదు. ఆమె పేరు కార్యకర్త, ఆమెకిచ్చేది గౌరవవేతనం. ఈ రాష్ట్రంలో 2019లో దాన్ని పదివేలు చేశారు. ఉద్యోగి అని పిలవడానికి మాత్రం రాజ్యానికి నోరు రాలేదు. పేదరాలి బాధ్యతను ఇంకో పేదరాలి భుజాల మీద పెట్టి, సమాజం బాధ్యత తీరిందనుకోవడం మన కాలపు తెలివి. ఇక్కడ శ్రీకాకుళం అనుభవం ఒకటి గుర్తుచేసుకోవాలి. 1971 నాటి పరిశీలకుల బృందమే ఆ తరువాత శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో దాదాపు 36 వేలమంది పొగాకు వాడేవారిని ఏటేటా ఇంటికి వెళ్లి చూస్తూ, మానడానికి నచ్చచెబుతూ వచ్చింది. చెప్పినచోట మానినవారు పెరిగారనీ, నోటి మచ్చలు తగ్గాయనీ 1986లో ప్రకటించారు. అలవాటు అంటే రాతి మీద గీత కాదన్నమాట. కాని ఆ పని ఒక్కరోజు శిబిరంతో జరగలేదు. అదే మనిషి, అదే గుమ్మానికి, మరుసటి ఏడు మళ్లీ వెళ్లడం వల్ల జరిగింది. ఈ ‘మళ్లీ వెళ్లడం’ ఎవరో ఒకరి జీతంలో, పనివేళల్లో, రిజిస్టరు గడిలో వుండాలి. మంచి మనసు మీద వదిలేస్తే అది నాలాంటివాడి ఏడు నెలల మరుపు అవుతుంది.

ఈ ఊరికి హక్కు అన్న మాట కొత్త కాదు. 1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అని వీధుల్లో నెత్తురు చిందించి ఆ మాటను నేర్చుకుంది. 1971 జనవరిలో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. శ్రీకాకుళం నోళ్ల లెక్క అచ్చయిందీ ఆ ఏడాదే. కర్మాగారం వచ్చింది, దానికి ఆసుపత్రి వచ్చింది, పర్మనెంటు కార్మికుడికీ అతని కుటుంబానికీ పన్ను దగ్గరనుంచి గుండె దాకా వైద్యం వచ్చింది. పోరాడి తెచ్చుకున్నది కనుక అది దానం కాలేదు. కాంట్రాక్టు కార్మికుడికి ఇ.ఎస్.ఐ. చీటీ అయినా వుంది. గంప నెత్తిన పెట్టుకున్నదానికి యజమాని ఎవరు? ఆమె ఎవరిని నిలదీయాలి? యజమాని లేని శ్రమకు హక్కు ఎవరి మీద వుంటుందన్న ప్రశ్నకు మన సంఘాలు ఇంకా సరైన జవాబు వెతకలేదు. ఇంత పెద్ద ఉక్కు ఉద్యమం చేసిన ఊళ్లో నోటి ఆరోగ్యం ఒక్క డిమాండు పత్రంలోనైనా వున్నట్టు నాకు జ్ఞాపకం లేదు. మన సంఘపు తీర్మానాలు తిరగేసినా దొరకదు.

చివరికి మొన్న మంగళవారం సెలవు పెట్టి ఆమెతో వెళ్లాను. ఇందులో గొప్ప చెప్పుకోవడానికేమీ లేదు; ఏడు నెలలు ఆలస్యంగా వెళ్లాను. ఉదయం ఏడున్నరకు బయలుదేరితే మధ్యాహ్నం రెండుంబావుకి ముక్క తీశారు. ఈలోగా మూడు కిటికీలు, రెండు అంతస్తులు, ఒక జిరాక్సు దుకాణం తిరిగాం. ఎం.ఎ. చదివిన నాకే ఎక్కడికి పోవాలో రెండుసార్లు తెలియలేదు. వరసలో నిలబడ్డంతసేపూ ఆమె అడిగింది ఒకటే: “నీ పిల్లలకి పాటం ఎవులు సెప్తారు బాబూ?”

ఒక కిటికీ దగ్గర కాగితం నింపుతున్న గుమాస్తా, వెంట వచ్చినవారి పేరు అడిగి రాసుకున్నాడు. పక్క గడి ‘రోగితో సంబంధం’.

“మీకేమవుతారు?”

నేను తటపటాయించాను. కొడుకును కాను, బంధువును కాను, ఆశా కార్యకర్తను కాను. ఆ గడిలో రాయదగిన మాట నాకు తెలిసిన తెలుగులో ఏదీ తట్టలేదు. ఆమె అందుకుంది: “మా మాస్టరు బాబు.” గుమాస్తా విసుక్కుని ‘తెలిసినవారు’ అని రాశాడు.

పరీక్ష ఫలితం పది రోజుల తరువాత ఇస్తామన్నారు. తిరుగుదారిలో ఆటో దిగేటప్పుడు, “నువ్వు మల్లీ వొత్తావా?” అంది. వస్తానన్నాను. ఇంటికి వచ్చి టైంటేబులు చూసుకుంటే ఆ రోజు నాకు రెండో గంటా, నాలుగో గంటా క్లాసులున్నాయి. రెండోది ఒక మిత్రుడు తీసుకుంటానన్నాడు. నాలుగో గంటకు ఇంకా ఎవర్నీ అడగలేదు.